గేమ్ బాయ్ అడ్వాన్స్‌కు కొత్త డిస్‌ప్లే: పని డైరీ

శుక్రవారం రాత్రి

గేమ్ బాయ్ అడ్వాన్స్ అంటే నింటెండో కంపెనీ చేసిన, చేతిలో పట్టుకుని ఆడే వీడియో గేమ్ కన్సోల్. దాని పాత తెర తీసి కొత్తది పెట్టే కిట్టు చేతికొచ్చింది. డాలస్‌లో ఉండే మా పెద్దమ్మ కొడుకు కొని ఉంచితే, వాళ్ళ ఆఫీసులో ఒకాయన సంక్రాంతికి వస్తూ సూట్‌కేసులో వేసుకొచ్చారు. ఆయన వెళ్ళేటప్పుడు మా ఇంటి గోంగూర పచ్చడి అదే సూట్‌కేసులో డాలస్ వెళ్తుంది. కొరియర్ ఖర్చు లేదు.

కన్సోల్ కూడా అన్నయ్యదే. కాలేజీలో ఉండగా సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడట. నేరేడు రంగు డొక్కు, ఒక మూల గీతలు, కుడి పక్క మాసిపోయిన ఏ, బీ బటన్లు. పోయినసారి వచ్చినప్పుడు నా చేతిలో పెట్టి, "ఒరే, ఆ తెర మీద నాకేమీ కనబడి చావట్లేదు, కళ్ళు పోయాయో ఏమో, నువ్వేం చేసుకుంటావో చేసుకో" అన్నాడు.

కళ్ళ తప్పేమీ లేదు. ఆ తెర కొత్తగా ఉన్నప్పుడూ అంతే. గేమ్ బాయ్ అడ్వాన్స్ 2001 మార్చి 21న జపాన్‌లో, అదే ఏడాది జూన్ 11న అమెరికాలో వచ్చింది. లోపల 16.78 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచే 32 బిట్ ఆర్మ్ ప్రాసెసర్, 2.9 అంగుళాల రంగుల తెర, అడ్డంగా 240 నిలువుగా 160 చుక్కలు. ఆ రోజులకు చేతిలో పట్టే యంత్రానికి అది చాలా ఎక్కువే. కానీ తెరకు సొంత వెలుగు లేదు. పైనుంచి పడ్డ వెలుతురు వెనక్కి తిరిగి వస్తేనే బొమ్మ కనిపిస్తుంది. లైటు పెట్టలేదు గనకే రెండు పెన్సిల్ సెల్లతో దాదాపు 15 గంటలు ఆడేది. ఆ బేరం ఎవరికి నచ్చిందో గానీ ఆడేవాళ్ళకు మాత్రం నచ్చలేదు. ట్రైటన్ ల్యాబ్స్ అనే చిన్న కంపెనీ 2002లో ఆఫ్టర్‌బర్నర్ పేరుతో, తెర ముందు అతికించుకునే లైటు కిట్టు అమ్మింది. డొక్కు విప్పి, ప్లాస్టిక్ కోసి, వైర్లు అతికించుకోవాలి. ఆ తిప్పలు పడటానికి కూడా జనం సిద్ధపడ్డారంటే ఆ చీకటి ఎంతలా విసిగించిందో అర్థమవుతుంది. 2003లో వచ్చిన మడత మోడల్ ఎస్పీకి కంపెనీయే ముందు లైటు పెట్టింది. 2005లో దానికే వెనక లైటున్న రకం వచ్చింది, మోడల్ నంబరు ఏజీఎస్-101. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఈ పాత డొక్కులో లైటు కావాలంటే 101 తెర పీకి ఇందులో పెట్టడమే దారి. ఒకటి బాగుపడాలంటే ఇంకొకటి శుభ్రంగా పనిచేసేది చావాలన్నమాట. ఇప్పుడు కొత్త ఐపీఎస్ తెరలు (ఏ పక్కనుంచి చూసినా రంగు చెడని ఎల్‌సీడీ రకం) విడిగా, దీనికోసమే తయారై వస్తున్నాయి.

మన దగ్గర 2001లో ఈ వస్తువు ఎంతమంది ఇళ్ళలో ఉందిలెండి. మాకు చేతిలో పట్టేదంటే ఇటుకలు పేర్చే బ్రిక్ గేమ్, లేకపోతే టీవీకి తగిలించే క్యాసెట్ల వీడియో గేమ్. అందుకే నాకు దీని మీద చిన్ననాటి మమకారమేమీ లేదు. విప్పి చూడాలన్న దురద ఒక్కటే.

కిట్టులో ఉన్నవి: తెర, దాని వెనక చిన్న డ్రైవర్ బోర్డు, ఒక ఫ్లెక్స్ పట్టీ (తెరనూ బోర్డునూ కలిపే, వంగే పట్టీ), మూడు సన్న వైర్లు, రెండువైపులా అంటుకునే టేపు, గాజు అద్దం. ప్లాస్టిక్ అద్దం పోయి గాజుది రావడం నాకు అన్నిటికన్నా నచ్చింది.

శనివారం, పొద్దున

కోఠి. ఎలక్ట్రానిక్స్ సామాను దొరికే గుజరాతీ గల్లీ. కావలసినవి రెండే: మూడు రెక్కల స్క్రూడ్రైవర్, మంచి ఫ్లక్స్ (సోల్డరింగ్ బాగా పట్టడానికి పూసేది). నింటెండో డొక్కు వెనక స్క్రూలు మామూలు స్టార్ కాదు, మధ్యలోంచి మూడు గీతలు చీలి ఉంటాయి. ఫొటో చూపించాను.

"ఐఫోన్‌దే గదా అన్నా, గిది తీస్కపో" అని కౌంటర్ కుర్రాడు ఒకటి తీసి ఇచ్చాడు.

ఐఫోన్‌లో ఉండే మూడు గీతల స్క్రూ మొన 0.6 మిల్లీమీటర్లు. ఇది దానికి ఎన్నో రెట్లు పెద్దది. ఆ సన్న మొన పెట్టి తిప్పితే గీతలు చెరిగిపోయి ఇక జన్మలో ఊడిరాదు. జేబులోంచి సెల్లు మూత తీసిన కన్సోల్‌నే బయటికి తీసి చూపించాను. అతను తిప్పి తిప్పి చూసి, "గిది ఎప్పటి జమానాదన్నా, మా బాబాయ్‌ని అడగాలె" అని లోపలికి పోయి ఒక పాత డబ్బా పట్టుకొచ్చాడు. అందులో దొరికింది. బాబాయ్ గారు లోపలినుంచే "పానా మెల్లగ తిప్పమను, పాత ప్లాస్టిక్ మరలు తింటది" అన్నారు. ఈ గల్లీలో సామాను కన్నా ఇలాంటి మాటలే ఎక్కువ గిట్టుబాటు.

ఫ్లక్స్ జెల్లు రకం తీసుకున్నాను. డబ్బాలో గట్టిగా ఉండే పసుప్పచ్చ పేస్టు పెద్ద వైర్లకు సరే, ఇంత చిన్న చుక్కలకు అది పనికిరాదు, బోర్డంతా జిడ్డు చేస్తుంది. కాంటాక్ట్ క్లీనర్ డబ్బా ఒకటి, క్యాప్టన్ టేపు (వేడికి తట్టుకుని, కరెంటు పోనివ్వని టేపు) ఒక చుట్ట కూడా పట్టుకొచ్చాను.

శనివారం, మధ్యాహ్నం

ముందుగా సెల్లు పెట్టే గూడు చూశాను. అన్నయ్య ఎప్పుడో ఆల్కలైన్ సెల్లు అందులోనే వదిలేసినట్టున్నాడు. ఒక మూల స్ప్రింగు దగ్గర తెల్లటి పొడి, దాని కింద పచ్చటి చిలుము. ఆల్కలైన్ సెల్లు కారితే వచ్చేది క్షారం, కాబట్టి కొంచెం పుల్లటిదేదైనా దాన్ని విరిచేస్తుంది. ఇయర్‌బడ్‌కు నిమ్మరసం అద్ది రుద్దితే పొంగి కరిగింది. తర్వాత నీళ్ళ తడి, ఆ తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్. నిమ్మరసం అలాగే వదిలేస్తే అదే మళ్ళీ లోహాన్ని తింటుంది గనక ఆల్కహాల్ తుడుపు మానకూడదు.

వెనక ఆరు మూడురెక్కల స్క్రూలు, సెల్ల గూట్లో ఒక మామూలు స్టార్ స్క్రూ. ఆ స్టార్ స్క్రూ సంగతి చాలామంది మర్చిపోయి డొక్కు రావట్లేదని గోళ్ళతో పీకుతుంటారు. బాబాయ్ గారి మాట ప్రకారం మెల్లగా తిప్పాను. స్క్రూలు కాగితం మీద డొక్కు బొమ్మ గీసి ఏది ఎక్కడిదో అక్కడే పెట్టుకున్నాను.

వెనక డొక్కు లేవగానే బోర్డు వీపు కనిపిస్తుంది. పైన ఎల్, ఆర్ బటన్లు ఏ ఆధారం లేకుండా చేతిలో పడిపోతాయి, పవర్ స్విచ్ మీది ప్లాస్టిక్ టోపీ కూడా అంతే. వాటిని పక్కన ఒక గిన్నెలో వేసుకోవాలి. బోర్డును పట్టుకుని మూడు స్టార్ స్క్రూలున్నాయి. అవి తీసే ముందు పాత తెర ఫ్లెక్స్ విడిపించాలి. దాని సాకెట్‌కు గోధుమరంగు లాకు ఉంది. రెండు చివరలా గోరు ఆనించి కొంచెం, ఒక మిల్లీమీటరు జరిపితే చాలు, ఫ్లెక్స్ తనంతట తాను వదులవుతుంది. పూర్తిగా బయటికి లాగబోతే ఆ చెవులు విరుగుతాయి. ఇరవై ఏళ్ళు దాటిన ప్లాస్టిక్ అది.

సాకెట్‌లో పిన్నులు లెక్కపెట్టాను: 40. ఈ కన్సోల్ బోర్డుల్లో రెండు రకాలున్నాయి, కొన్నిటికి 40 పిన్నుల ఫ్లెక్స్, కొన్నిటికి 32. పైకి చూస్తే రెండూ ఒకటే. మా కిట్టులోని పట్టీకి ఒక చివర 40, ఇంకో చివర 32 ఉండటంతో ఇబ్బంది లేదు. విడిగా పట్టీ కొనేవాళ్ళు మాత్రం డొక్కు విప్పి లెక్కపెట్టాకే డబ్బు కట్టడం మంచిది.

పాత తెర ముందు డొక్కుకు జిగురుతో అంటుకుని ఉంది. హెయిర్ డ్రయర్‌తో కొంచెం వెచ్చబెట్టి, పాత ఏటీఎం కార్డు అంచుతో లేపితే విరగకుండా వచ్చింది. దాన్ని పారేయను. ఎవరికైనా అసలుది కావాలంటే ఇప్పుడు కొత్తది దొరకదు.

శనివారం, రాత్రి

ప్లాస్టిక్ కోత. ఈ పనంతటిలో వెనక్కి తీసుకోలేనిది ఇదొక్కటే.

ముందు డొక్కు లోపలివైపు, కిటికీ చుట్టూ, పాత తెర కదలకుండా పట్టుకోవడానికి సన్నటి గోడలు లేచి ఉంటాయి. కొత్త తెర వాటికన్నా పెద్దది, కూర్చోదు. ముందే కోసి సిద్ధం చేసిన డొక్కులు అమ్ముతారు. కొత్త డొక్కు వేస్తే పని పావు వంతు తగ్గుతుంది, నిజమే. కానీ ఆ గీతలు పడ్డ నేరేడు రంగు డొక్కు లేకపోతే ఇది అన్నయ్యది ఎలా అవుతుంది? అందుకని కోతకే సిద్ధపడ్డాను.

కొత్త తెరను లోపల ఆనించి ఎక్కడ తగులుతోందో మార్కర్‌తో గీసుకున్నాను. నిప్పర్‌తో ఒకేసారి అడుగుదాకా కొరక్కుండా, గోడను ముందు నిలువుగా రెండు మూడు చోట్ల చీల్చి, ఆ ముక్కల్ని ఒక్కొక్కటిగా అడ్డంగా కొరికాను. ఒకేసారి పెద్ద ముక్క కొరికితే ఆ ఒత్తిడికి డొక్కు పైవైపున తెల్లటి మచ్చ పడుతుంది, అది పోదు. మిగిలిన మొండాల్ని కట్టర్ బ్లేడుతో చెక్కి, సన్నటి ఆకురాయితో చదును చేశాను. స్క్రూలు దిగే గుండ్రటి స్తంభాల జోలికి మాత్రం వెళ్ళకూడదు. కుడి పక్క ఒక స్తంభం తెరకు మరీ దగ్గరగా ఉంది, దాని పక్క గోడను బ్లేడుతో పొరలుపొరలుగానే తీయాల్సి వచ్చింది. ప్రతి రెండు నిమిషాలకూ తెర పెట్టి చూడటం, తీయడం. చివరికి ఏ మూలా ఎగరకుండా బల్లపరుపుగా కూర్చుంది.

నేరేడు రంగు పొడి చాప నిండా. పొద్దున పనమ్మాయి చూస్తే ఏమంటుందోనని రాత్రే ఊడ్చేశాను.

ఆదివారం, పొద్దున

బోర్డు మీద మూడు సోల్డరింగులు. ఇవి లేకున్నా తెర వెలుగుతుంది. కానీ వెలుగు తగ్గించుకోవాలన్నా పెంచుకోవాలన్నా, సెలెక్ట్ నొక్కి పట్టి ఎల్ గానీ ఆర్ గానీ నొక్కితే పనిచేయాలి. అందుకు ఆ మూడు బటన్ల సంకేతాలు కొత్త డ్రైవర్ బోర్డుకు అందాలి.

ఇక్కడ నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. బోర్డు మీద టీపీ0 నుంచి టీపీ9 దాకా చిన్న చిన్న రాగి చుక్కలు, అంటే ఫ్యాక్టరీలో పరీక్షించడానికి వదిలిన టెస్ట్ పాయింట్లు, ఉన్నాయి. ఏది ఏ బటనో గుర్తుపెట్టుకోవడం ఎలా? ఈ యంత్రానికి గేములు రాసినవాళ్ళకు తెలిసే ఉంటుంది: బటన్ల స్థితిని చూపించే రిజిస్టర్‌లో (ప్రాసెసర్ చదివే చిన్న మెమరీ గడి) 0వ బిట్ ఏ, 1 బీ, 2 సెలెక్ట్, 3 స్టార్ట్, 4 నుంచి 7 వరకు కుడి, ఎడమ, పైకి, కిందికి, 8 ఆర్, 9 ఎల్. బోర్డు మీది చుక్కల వరస కూడా సరిగ్గా అదే. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న లెక్కను రాగిలోనూ అలాగే ఉంచారు. కాబట్టి నాకు కావలసినవి టీపీ2, టీపీ8, టీపీ9. మల్టీమీటర్ బీప్ పెట్టి, బటన్ ప్యాడ్‌కూ చుక్కకూ కలుస్తోందో లేదో ఒకసారి సరిచూసుకున్నాను.

నా దగ్గరున్నది 25 వాట్ల మామూలు ఐరన్, సన్న మొన వేశాను. ముందు చుక్క మీద కొంచెం జెల్లు, దాని మీద కందిగింజలో సగమంత సీసం. వైరు కొసకు విడిగా సీసం పట్టించి, రెండిటినీ కలిపి మొన ఆనించి ఒక సెకను. మెరుస్తూ చుట్టూ పాకితే అతికినట్టు. మసకగా ఉండలా నిలిస్తే పైపైన అంటుకున్నట్టే, రేపో మాపో ఊడుతుంది. మొన ఎక్కువసేపు ఉంచితే రాగి చుక్కే బోర్డు నుంచి లేచిపోతుంది, అప్పుడు దాని దారి పట్టుకుని ఇంకెక్కడో గీకి అతికించుకోవాలి. మూడూ బాగానే పట్టాయి.

వైర్లను బోర్డు అంచు వెంట తిప్పి, స్క్రూ స్తంభాలకు దూరంగా ఉంచి, క్యాప్టన్ టేపు వేశాను. డ్రైవర్ బోర్డు వెనక వైపుకూ, మెయిన్ బోర్డు మీద దానికి ఎదురుగా వచ్చే సోల్డర్ మొనలకూ మధ్య కూడా ఒక పొర టేపు. ఇక్కడ రెండు లోహాలు తగిలితే తెర పోతుంది, ఒక్కోసారి బోర్డు కూడా పోతుంది.

ఆదివారం, మధ్యాహ్నం

డొక్కు మూయకుండానే, బల్ల మీద పరిచి, సెల్లు పెట్టి, స్విచ్ వేశాను. క్యాసెట్ లేకపోయినా ఈ కన్సోల్ తన లోగో చూపిస్తుంది గనక పరీక్షకు అది చాలు. లోగో వచ్చింది. వెలుగు చూసి ఇంట్లోవాళ్ళు కూడా వంగి చూశారు. అక్షరాలు ఒక్కొక్కటీ రంగులు మారుతూ జారడం, ఆ గంట మోత, అన్నీ సవ్యంగా ఉన్నాయి.

వెలుగు పెంచుకుంటూ పోయాను. పై మెట్టు దగ్గరికి వెళ్ళగానే తెర ఒకసారి ఆరి మళ్ళీ లోగో మొదలైంది. ఇంకోసారి, అలాగే. పచ్చగా ఉండాల్సిన పవర్ లైటు ఎర్రగా మారింది. సెల్లు కొత్తవి. వెలుగు తగ్గిస్తే బుద్ధిగా ఉంటుంది.

ఈ యంత్రానికి కొత్త తెర వేసినవాళ్ళు తెరనో కిట్టునో అనుమానించడం మామూలే. కానీ పాత తెర తిన్న కరెంటు ఎంత, ఇది తినేది ఎంత? మీటర్ పెట్టి చూస్తే సగం వెలుగులోనే దాదాపు రెట్టింపు. ఎక్కడో దారిలో ఇరుకుంది. అదీ సెల్లకూ బోర్డుకూ మధ్యలోనే ఉండాలి.

పవర్ స్విచ్ రెండు కాళ్ళ మధ్య, కన్సోల్ నడుస్తుండగా, మీటర్‌ను డీసీ వోల్టులో పెట్టి కొలిచాను. మంచి స్విచ్ అయితే ఆన్‌లో ఉన్నప్పుడు అక్కడ దాదాపు సున్నా చూపాలి. 0.2 వోల్టులకు పైగా ఉంది.

లెక్క చూడండి. స్విచ్ లోపలి రేకుల మీద మురికి వల్ల 1 ఓమ్ అడ్డు వచ్చిందనుకుందాం. 100 మిల్లీఆంపియర్లు పోతున్నప్పుడు అక్కడ పోయేది 0.1 వోల్టు, ఎవరికీ పట్టదు. అదే 250 మిల్లీఆంపియర్లు లాగితే 0.25 వోల్టులు. రీఛార్జి సెల్లు రెండు కలిపితేనే 2.4 వోల్టులు, అందులో పదో వంతు స్విచ్‌లోనే ఆవిరి. పాత తెరతో ఇన్నేళ్ళూ ఈ జబ్బు లోపలే ఉంది, బయటపడే అవసరం రాలేదు అంతే. ఎన్నో ఏళ్ళు పంటి నొప్పి లేని మనిషికి మొదటిసారి ఐస్‌క్రీమ్ పెట్టినట్టు.

ఆదివారం, సాయంత్రం

సెల్లు తీసేసి, స్విచ్ సందులోకి కాంటాక్ట్ క్లీనర్ ఒక చుక్క కొట్టి, అటూ ఇటూ ఆడించడం. మళ్ళీ చుక్క, మళ్ళీ ఆడించడం. బయటికి కారిన ద్రవం మొదట నల్లగా వచ్చింది, పాత గ్రీజు అది. తెల్లటి గుడ్డ మీద నలుపు కనిపించడం మానేదాకా చేశాను. పూర్తిగా ఆరనిచ్చి, సెల్ల గూడు స్ప్రింగుల్నీ ఇంకోసారి ఆల్కహాల్‌తో తుడిచి, కొలిచాను: 0.03 వోల్టుల దగ్గర.

వెలుగు పై మెట్టు. లోగో దగ్గర నిలబడింది. క్యాసెట్ పెట్టి ఆడించినా లైటు పచ్చగానే ఉంది.

కాబట్టి కిట్టు పెట్టాలనుకునేవాళ్ళు తెర జోలికి వెళ్ళకముందే స్విచ్ కడగండి. పది నిమిషాల పని. డొక్కు ఎలాగూ విప్పుతారు.

సెల్ల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. కిరాణా కొట్లో గోడగడియారానికి కొనే మామూలు జింక్ కార్బన్ పెన్సిల్ సెల్లతో ఇది నడవదు. కొత్తవే వేసినా, ఇంత కరెంటు ఒక్కసారిగా లాగితే వాటి వోల్టేజీ దిగజారిపోతుంది, కాసేపట్లో ఎర్రలైటు. అవి గడియారానికీ రిమోట్‌కూ పుట్టినవి. ఆల్కలైన్ బాగుంటుంది, మంచి నికెల్ మెటల్ హైడ్రైడ్ రీఛార్జి సెల్లు ఇంకా బాగుంటాయి. రీఛార్జి వాటి వోల్టేజీ మొదట్నుంచి చివరిదాకా దాదాపు ఒకే తీరున ఉండి చివర్లో ఠక్కున పడిపోతుంది గనక, ఎర్రలైటు వచ్చాక ఎక్కువ సమయం ఇవ్వదు. లైటు ఎర్రబడగానే గేము సేవ్ చేసుకోవాలి.

సోమవారం, రాత్రి

మూత వేసే పని. నాకు భయమంతా దుమ్ముతోనే. గాజు అద్దానికీ తెరకూ మధ్య ఒక్క నలుసు ఇరుక్కున్నా, వెనక లైటు వల్ల చుక్కలా మెరుస్తూ జీవితాంతం కనబడుతుంది. ఫ్యాన్ ఆపి, గది నేల తడిగుడ్డతో తుడిచి, అరగంట ఆగాను. హైదరాబాద్ జనవరిలో గనక చెమట లేదు, మే నెలలో అయితే ఈ పని పెట్టుకునేవాణ్ణి కాదు.

తెరను జిగురు టేపుతో అతికించే ముందు, కన్సోల్ ఆన్ చేసి బొమ్మ వెలుగుతుండగా గాజు అద్దం నల్ల అంచులతో సరిచూసుకోవాలి. ఆరిన తెర మీద చుక్కలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతాయో తెలియదు, డబ్బా మధ్యలో పెట్టినంత మాత్రాన బొమ్మ మధ్యలో ఉండదు. ఎడమ వైపు వెంట్రుకవాసి ఎక్కువ నల్లపట్టీ వచ్చింది. రెండుసార్లు జరిపాక సమమైంది. అప్పుడు టేపు పొర లాగాను. అద్దం కింద నలుసులు సెల్లోటేపు జిగురువైపు తాటించి ఎత్తేశాను, గుడ్డతో తుడిస్తే ఒకటి పోయి రెండు వస్తాయి. గాజు అద్దం కూర్చోబెట్టి అంచుల మీద బొటనవేళ్ళతో నొక్కి పట్టాను.

బటన్ల కింది రబ్బరు పొరలు ఆల్కహాల్‌తో తుడిచి పెట్టాను, ఏ, బీ బటన్ల మాసినతనం మాత్రం వదల్లేదు. స్క్రూలు బిగించేటప్పుడు ముందు ఎదురుగా, అంటే గడియారం వైపు కాకుండా, ఒకసారి తిప్పితే మర పాత గాడిలో టక్కున పడుతుంది, అప్పుడు బిగించాలి. లేకపోతే ప్లాస్టిక్‌లో కొత్త గాడి తవ్వుకుని పాతది తినేస్తుంది. బాబాయ్ గారు చెప్పింది ఇదే.

తర్వాతి శనివారం

వారమంతా రాత్రిళ్ళు ఆడాను. బొమ్మ గురించి చెప్పాలి.

ఈ కిట్టు తెర చుక్కలు అడ్డంగా 720, నిలువుగా 480. పాతదానికి సరిగ్గా మూడు రెట్లు. అంటే గేములోని ఒక చుక్క ఇక్కడ మూడుకు మూడు చదరమవుతుంది, ఎక్కడా మసక లేదు, అంచులన్నీ కత్తిరించినట్టున్నాయి. కానీ రంగులు! ఆకాశం నీలం గుచ్చుతోంది, గడ్డి పచ్చదనం కళ్ళలో పొడుస్తోంది. తెర బాగోలేక కాదు. అప్పట్లో గేములు చేసినవాళ్ళకు అసలు తెర ఎంత చీకటిదో తెలుసు కాబట్టి రంగుల్ని కావాలనే లేతగా, వెలుగ్గా ఎంచుకునేవారు. ఆ పాఠం వాళ్ళకు మొదట్లోనే అందింది. కన్సోల్‌తో పాటే 2001లో వచ్చిన క్యాసిల్‌వేనియా: సర్కిల్ ఆఫ్ ది మూన్ అనే గేము అంతా చీకటి కోటలోనే జరుగుతుంది. తెర మీద ఏమీ కనబడట్లేదని జనం మొత్తుకున్నారు. అదే వరసలో మరుసటి ఏడాది వచ్చిన హార్మనీ ఆఫ్ డిసొనెన్స్‌లో రంగులు ఒక్కసారిగా వెలిగిపోయాయి, హీరో చుట్టూ నీలం అంచు కూడా గీసి ఎక్కడున్నాడో తెలిసేలా చేశారు. ఇప్పుడు ఈ తెర మీద మొదటిది చూడచక్కగా ఉంది. రెండోది తిరణాల బొమ్మల దుకాణంలా ఉంది. చీకటిని దృష్టిలో పెట్టుకుని చేసిందే వెలుగులో ఎబ్బెట్టుగా కనిపించడం నేను ఊహించలేదు.

ఇంకోటి. పాత తెర నెమ్మదిది, ఒక బొమ్మ చెరిగేలోపే ఇంకో బొమ్మ దాని మీద పడేది. దాన్నే ఆసరా చేసుకుని కొన్ని గేముల్లో నీడల్నీ పొగనీ సెకనుకు దాదాపు 60 ఫ్రేముల్లో ఒకటి విడిచి ఒకటి గీస్తారు, పాత తెర మీద అవి సగం పారదర్శకంగా కలిసిపోయేవి. కొత్త తెర చురుకైనది గనక అక్కడ నీడ అదురుతూ కనిపిస్తుంది. దానికి మందు లేదు, వెలుగు కొంచెం తగ్గిస్తే తక్కువగా తెలుస్తుంది. నేను నాలుగో మెట్టు దగ్గర ఉంచుతున్నాను. సెల్లకూ అదే మంచిది.

పాత నలుపు తెలుపు గేమ్ బాయ్ క్యాసెట్ ఒకటి కూడా పెట్టి చూశాను. క్యాసెట్ గూట్లో ఒక చిన్న మీట ఉంటుంది, పాత క్యాసెట్ ఆకారం దాన్ని నొక్కితే యంత్రం పాత 8 బిట్ ప్రాసెసర్‌కు మారిపోతుంది. అందులో ఎల్, ఆర్ నొక్కితే బొమ్మ అడ్డంగా సాగడం, మళ్ళీ మామూలవడం అనే సౌకర్యం కంపెనీయే పెట్టింది. ఇప్పుడు అవే బటన్లతో వెలుగు కూడా మారుతుంది కదా, సెలెక్ట్‌తో కలిపి నొక్కితే వెలుగూ మారుతోంది, బొమ్మా సాగుతోంది. నవ్వొచ్చింది గానీ, పాత క్యాసెట్ పెట్టే ముందే వెలుగు సరిచేసుకుంటే సరిపోతుంది.

ఆదివారం

అన్నయ్యకు వీడియో కాల్‌లో చూపించాను. లైట్లన్నీ ఆపేసి, దుప్పటి కప్పుకుని, దాని కింద ఆడుతున్నట్టు. కాసేపు చూసి, "అంత వెలుగేంట్రా, అందులో టార్చి పెట్టావా? సరే గానీ, ఆ సౌండు గరగరమంటోందేంటి?" అన్నాడు.

నిజమే. వాల్యూమ్ చక్రం తిప్పినప్పుడల్లా గరగర. చక్రం కింద కార్బన్ పట్టీ మీద కూడా స్విచ్‌లో ఉన్నంత మురికే ఉండాలి. మళ్ళీ ఆ ఏడు స్క్రూలు విప్పాలి, మళ్ళీ దుమ్ము భయం. తెర అతికి ఉంది గనక ఈసారి ముందు డొక్కు కదపకుండా బోర్డు ఒక్కటే లేపి, చక్రం సందులో క్లీనర్ కొట్టి తిప్పితే పోతుందని నా లెక్క. వచ్చే వారం చూస్తాను. అన్నయ్య మాత్రం ఎండాకాలం సెలవులకు వచ్చేసరికి అది తయారుగా ఉండాలన్నాడు, వాళ్ళబ్బాయి ఆడుకుంటాడట.